కూలరు తొట్టిలో మిగులునది

వేసవి తలయెత్తినంతనే కూలరునకు క్రొత్త గడ్డి కట్టించుటయందు మనవారు చూపు శ్రద్ధలో నాల్గవ వంతైనను, దాని తొట్టిలో పోయు నీటి గుణమును విచారించుటయందు చూపరు. పప్పు ఉడకని నీటిని వంటకు పనికిరాదని త్రోసిపుచ్చు గృహిణియు, సబ్బు నురుగు పట్టని నీటిని తలకు పోసికొననొల్లని గృహస్థుడును, ఆ బోరు నీటినే కూలరులో నిస్సంకోచముగా నింపుచుందురు. త్రాగునది కాదు, స్నానమాడునది కాదు, గాలిలో కలిసిపోవు నీటికి మంచిచెడ్డ లెందులకని వారి యభిప్రాయము. గాలిలో కలియునది నీరే కాని, నీటిలోని లవణములు కావు.

లీటరు నీరు ఆవిరిగా మారుటకు సుమారు 580 కిలోకేలరీల యుష్ణము కావలెను. ఆ యుష్ణమును, తడిసిన గడ్డిగుండ చొచ్చివచ్చు వడగాలినుండియే నీరు గ్రహించును; గాలి చల్లబడును. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల పొడిగాలి వీచునపుడు కూలరు ముందు కూర్చున్నవారికి ప్రాణము లేచివచ్చుటకును, విశాఖ తీరమున ఉక్కపోయు దినములలో అదే యంత్రము వలన ఫలము స్వల్పమగుటకును కారణమిదియే. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి తడిపిన మన పెద్దలు ఈ ధర్మమును అనుభవముచే నెరిగినవారు. ఆవిరియగునది శుద్ధజలము మాత్రమే. కరగియున్న కాల్షియము, మెగ్నీషియము మొదలైన వాని లవణములన్నియు తొట్టిలోనే నిలిచిపోవును.

తొట్టి 40 లీటర్లు పట్టుననియు, దినమునకు తొట్టెడు నీరు ఆవిరియగుననియు అనుకొందము. త్రాగునీటికి భారతీయ ప్రమాణములు వాంఛనీయమని నిర్ణయించిన హద్దు లీటరునకు 500 మిల్లీగ్రాముల లవణములు. అట్టి నీటినే పోసినను దినమునకు 20 గ్రాములు, వారమునకు 140 గ్రాముల లవణము ఆ తొట్టిలో చేరును. మన రాతినేలలలో లోతునుండి తోడిన అనేక బోరుల నీరు అంతకంటెను బరువైనది.

ఈ బరువు మొట్టమొదట కనబడు చోటు, గడ్డికి పైభాగమున నీటిని పంచు గొట్టము. బైకార్బొనేటు రూపమున కరగియున్న కాల్షియము, నీరు ఇగిరిన కొలదిని కార్బొనేటుగా విడివడి, గొట్టపు రంధ్రముల అంచున తెల్లని పెచ్చుగా పట్టును. ఒక రంధ్రము మూసికొనిపోయినచో దాని క్రింది గడ్డి నిలువునా ఒక పట్టెగా ఎండును. ఆ పట్టెగుండ వేడిగాలి వేడిగాలిగానే గదిలో ప్రవేశించును. గది చల్లబడలేదని ఫ్యాను వేగము హెచ్చింతురు, మోటారు మార్పింతురు, క్రొత్త కూలరే కొందురు. ఆ గొట్టమువంక కన్నెత్తి చూచువారు అరుదు. వారమున కొకమారు దానిని విప్పి, సూదితో ఒక్కొక్క రంధ్రమును పొడిచి, వెలుతురునకు పట్టి చూచుట వేసవియంతయు నాకు అలవాటు. పెచ్చు గట్టిపడినచో నిమ్మరసము గాని వెనిగరు గాని కలిపిన నీటిలో నానబెట్టినంతనే మెత్తబడును. గడ్డికి బదులుగా అమర్చు కాగితపు తేనెపట్టు జాలిని మాత్రము గోకరాదు, చిరిగిపోవును.

పొదుపరులైన గృహిణులకు గౌరవపూర్వకముగా ఒక మాట విన్నవింపవలసియున్నది. త్రాగునీటి ఆర్వో యంత్రము విడిచిపెట్టు నీటిని వృథా చేయక కూలరులో పోయువారు పెక్కురు. శుద్ధియైన నీటినుండి వేరుచేయబడిన లవణములన్నియు చేరి చిక్కబడినది ఆ నీరే. నేల తుడుచుటకు మంచిది, కూలరునకు కీడు. ఇంట ఏసీ కూడ ఉన్నచో దాని గొట్టమునుండి బొట్లుబొట్లుగా కారు నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది గావున, అందు లవణములు దాదాపు ఉండవు. దానిని బకెట్టులో పట్టి కూలరునకు వాడుకొనవచ్చును.

తరిగిన నీటిపై మరల నీరు నింపుచు పోవుట చాలదు. తొట్టిని వారమున కొకసారి పూర్తిగా ఖాళీచేయవలెను. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టునదియు ఇట్టి నిలువనీటి అంచులనే గావున, అంచులను కూడ రుద్ది కడుగవలెను. ఈ ఆదివారమున ప్లగ్గు తీసివేసి, తొట్టి అడుగు బిరడా విప్పి, ఆ నీటిని పూలకుండీలలో గాక మోరీలో పారబోయుడు.