మెట్లు కూల్చుట, టెంకలు నానవేయుట

ఆషాఢపు ముసురు పట్టి, నర్సీపట్నము బస్సు రాక, కొయ్యూరులో కరెంటు కూడ పోయిన రాత్రి, లాంతరు వెలుగున నేను చదువుచున్నది మాక్స్ బ్రూక్స్ 2003లో వెలువరించిన 'ది జాంబీ సర్వైవల్ గైడ్' అని తెలిసి మా పొరుగింటి ముసలమ్మ పకపక నవ్వినది. "సచ్చినోళ్లు లేచొత్తే తప్పించుకోడానికి పుస్తకమా బాబూ?"

నవ్వదగినదే. కాని గ్రంథకర్త తాను మాత్రము ఒక్కచోటనైనను నవ్వడు. చీడపీడల నివారణకై వ్యవసాయశాఖవారు పంచు కరపత్రపు ధోరణిలో, శవములు గోడలు ప్రాకలేవు గనుక మేడపై చేరి మెట్లు కూల్చివేయుమనియు, మోటారుబండికంటె సైకిలు మేలనియు నిదానముగా ఉపదేశించును. దయ్యమును నమ్మమని యడుగక, మెట్లను గూర్చి మనచే ఆలోచింపజేయుటయే యీ రచనలోని కిటుకు. ఆయుధముల ప్రకరణము మాత్రము విసుగు పుట్టించును. శవములను లేపు వ్యాధిబీజమునకు ఆయన పెట్టిన 'సొలానమ్' అను నామము వృక్షశాస్త్రమున మన వంకాయ ప్రజాతిది. అచ్చట నా గాంభీర్యము నిలువలేదు.

మన భేతాళుడు శవము నాశ్రయించియు కథ చెప్పును, ప్రశ్న వేయును, ఉత్తరము విని మరల చెట్టెక్కును. అతనితో వ్యవహరించుటకు బుద్ధి చాలును. జాంబీకి మాట లేదు. మంత్రమునకు గాని, సంవాదమునకు గాని లొంగదు. కావుననే కథకుడు కథ మాని కరదీపిక వ్రాయవలసి వచ్చినది. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబిరెడ్డి' చిత్రముతో జాంబీని కర్నూలు సీమకు దింపెను. అంతకు పూర్వమే, 2011లో, అమెరికా వ్యాధినియంత్రణ సంస్థ జాంబీల మిషతోనే నీరు, మందులు సిద్ధపరచుకొనుడని ప్రజలకు బోధించెను.

మేడలు తక్కువైన మా మన్యమున కూల్చుటకు మెట్లేవి? ఇచ్చటి గండము ఆకలి. తిండిగింజలు తరుగు ఈ వానకాలమునకై వేసవిలోనే ఎండబెట్టి దాచిన మామిడిటెంకలను పగులగొట్టి, లోని జీడిని దంచి, గుడ్డలో మూటగట్టి, పారుచున్న గెడ్డనీట వగరు విరుగునంతవరకు నానవేసి, ఆ పిండితో అంబలి కాచుట ఆ ముసలమ్మ నాకు చెప్పిన విధానము. తెలుపు తేలువరకు మూటను పిసుకుచునే యుండవలెనట. నాకు చూపుటకై పిసికిన ఆమె వ్రేళ్లు జీడికఱతో నల్లబారియుండెను. "బూజట్టింది మాత్రం ముట్టకు బాబూ, పాణం తీత్తాది" అని రెండుమారులు హెచ్చరించినది. ఆమెయు నవ్వలేదు.

బ్రూక్స్ తన పుస్తకము చివర, పాఠకుడు తన అనుభవములు వ్రాసికొనుటకై దినచర్య పుటలను విడిచిపెట్టెను. నా ప్రతిలో ఆ పుటలయందిప్పుడు టెంకపిండి విధానము, బూజు సంగతి మొదటగా, వ్రాసియున్నది.