మోటిఫ్: పునరుక్తియా, ప్రయోజనమా?

వాక్యభాగంలో ఒక అంశం పలుమార్లు కనిపించగానే దానిని ‘మోటిఫ్’ అనడం మన పరిశోధనా వ్యాసాలలో అలవాటైనది. ఈ నిర్వచనం చాలదని మా అభిప్రాయం.

1808లో మొదట వినిపించిన బీతోవెన్ ఐదవ సింఫనీ నాలుగు స్వరాల మోటిఫ్‌తో ఆరంభమవుతుంది. ఆ మోటిఫే రూపు మార్చుకొంటూ మొదటి భాగాన్ని నిర్మిస్తుంది. జీవశాస్త్రంలో డి.ఎన్.ఎ.లోని ‘టాటా బాక్స్’ కూడ ఒక మోటిఫే. జన్యువును నకలు తీసే పని ఆరంభించే ప్రొటీను అక్కడ అతుక్కొంటుంది. రెండుచోట్లను ప్రధానమైనది ఎన్నిసార్లు వచ్చినదన్న లెక్క కాదు, అది చేసే పని.

బావియొద్ద కలయికలను రాబర్ట్ ఆల్టర్ 1981లో ‘మాదిరి దృశ్యం’గా విశ్లేషించాడు. వాటిలో నీళ్లిచ్చుట అనే మోటిఫ్‌ను చూడుడి. ఆదికాండము 24లో రిబ్కా నీళ్లు చేదుతుంది. 29లో యాకోబు, నిర్గమకాండము 2లో మోషే మందలకు నీళ్లు పెడతారు. యోహాను 4లోనైతే నీళ్లడిగిన యేసే జీవజలమిచ్చువాడగుచున్నాడు; స్త్రీ కుండ విడిచి ఊరిలోనికి వెళ్తుంది. అర్థం ఈ మార్పులోనే ఉన్నది.

కనుక నీళ్లు కనిపించిన ప్రతిచోట బాప్తిస్మమని బోధించుట వ్యాఖ్యానం కాదు. ఇక్కడ ఏమి మారినది, ఎందుకు మారినది అని అడుగుటయే బోధకుని మొదటి బాధ్యత.