ఒక అవుటుకు ఒక బేస్

ప్రొద్దుటూరులో బేస్‌బాల్ చూసేవాణ్ణి పిచ్చోడి కింద జమ కడతారు. న్యూజెర్సీలో మా అన్న కొడుకు ఇంట్లో గడిపిన ఒక వేసవిలో నాకీ పిచ్చి అంటుకుంది. తిరిగొచ్చినా వదల్లేదు. అక్కడ వేసవిలో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది. వాళ్ల శనివారం రాత్రి ఆట మన ఆదివారం పొద్దున్నే అన్నమాట. ఆట అయ్యాక స్నానం చేసి ఆరాధనకు పోవడానికి టైము సరిగ్గా సరిపోతుంది. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలకపోతే మాత్రం సరిపోదు. ఆ సంగతి మా గుడి అయ్యగారికి తెలుసు.

ఊరికే చూడను, స్కోరు రాస్తాను. నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు. ప్రతి బ్యాటరుకూ ఒక గడి, గడిలో నాలుగు బేసులకు గుర్తుగా చిన్న డైమండు. ఫీల్డర్లకు పేర్లుండవు, నంబర్లే: పిచ్చరు 1, క్యాచరు 2, ఫస్ట్ బేస్ 3. పిచ్చరు బంతి పట్టి ఫస్ట్ బేస్‌కు విసిరి అవుట్ చేశాడంటే 1-3. ఎవరు ఏ బేస్ దాకా పోయారో ఆ మేరకు డైమండు గీత ముందుకు సాగుతుంది.

ఈ రాతలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది శాక్రిఫైస్ బంట్. బ్యాటరు బ్యాటు ఊపడు. అడ్డంగా పట్టుకుని, బంతిలో ఊపు చచ్చిపోయేలా తన ముందే దింపుతాడు. తను అవుటవుతానని తెలుసు. తనను అవుట్ చేసే లోపల ఫస్ట్ బేస్‌లో ఉన్నవాడు సెకండ్‌కు చేరాలి, అంతే. వాడు చేరాడా లేదా అని ఒకసారి చూసి, వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. స్కోరుబుక్కు అతనికి చిన్న న్యాయం చేస్తుంది: ఆ అవుటు అతని సగటు లెక్కలోకి రాదు. మన క్రికెట్లో ఇట్లాంటి దయ లేదు. అవతలి బ్యాట్స్‌మన్ కోసం పరుగెత్తి వికెట్ పోగొట్టుకున్నా రనౌట్ రనౌటే.

బంట్ అంటే నాకు గుర్తొచ్చే రోజు 1947 ఏప్రిల్ 15. బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ మొదటి మ్యాచ్. ఆరు దశాబ్దాలుగా నల్లవాళ్లను రానివ్వని మేజర్ లీగుల్లోకి అడుగుపెట్టిన మనిషి. తెచ్చినవాడు ఆ జట్టును నడిపిన బ్రాంచ్ రిక్కీ, పట్టుదల గల మెథడిస్టు. రాబిన్సనూ మెథడిస్టే. ఎన్ని తిట్లు తిట్టినా తిరగబడని ధైర్యం కావాలని రిక్కీ ముందే షరతు పెట్టుకున్నాడు. (రిక్కీ ఆదివారం గ్రౌండుకు పోయేవాడు కాదు. ఆ విషయంలో నేను ఆయన శిష్యుణ్ణి కాను.) ఆ రోజు రాబిన్సన్‌కు ఒక్క హిట్టూ రాలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో, తన జట్టువాడే అయిన స్టాంకీ బేస్ మీదుండగా, బంట్ చేశాడు. ఫీల్డరు విసిరిన బంతి గురి తప్పింది. తర్వాత ఇంకో తోటి ఆటగాడు రైజర్ డబుల్, అంటే రెండు బేసుల హిట్టు, కొడితే స్టాంకీ వెనకాలే రాబిన్సన్ హోమ్‌ప్లేట్ దాటాడు, జట్టుకు ఆధిక్యం తెచ్చిన పరుగది. డాడ్జర్స్ 5-3తో గెలిచారు. ఆ సీజన్‌లో అతను దొంగిలించిన బేసులు 29 అని అందరూ చెప్పుకుంటారు. లీగులో అందరికన్నా ఎక్కువగా 28 శాక్రిఫైస్‌లు కూడా అతనివే. సొంత పేరు నిలబెట్టుకుంటాడా లేదా అని లోకమంతా కళ్లు పెట్టుకు చూస్తున్న ఏడాదిలో, 28 సార్లు.

అదే ఏడాది సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే మన సీఎస్ఐ, పుట్టింది. లండన్ మిషన్ వాళ్లు పెంచిన జమ్మలమడుగు సంఘాలూ ఆంగ్లికన్లూ మెథడిస్టులూ ఒకటయ్యారు. ఈ ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదటి అడుగు వేయించిన వాళ్లలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. పాతికేళ్లకు పైగా దాని కోసం తిరిగి, 1945 జనవరి 1న చనిపోయారు. సంఘం ఏర్పడడం చూడలేదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు అజరయ్య గుర్తొస్తారు. అందులో పెద్ద పెద్ద పేర్లన్నీ చెప్పుకొచ్చి, వీళ్లందరూ వాగ్దానం చేతికందకుండానే పోయారంటాడు రచయిత. నిరీక్షణ గురించి అంత కఠినంగా మాట్లాడిన అధ్యాయం బైబిల్లో ఇంకోటి ఉందనుకోను.

జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రికి డాక్టరు పేరు నిలిచింది. గాయాలు కడిగినవాళ్లు, కాన్పులు చేసిన నర్సమ్మలు, పల్లెలు తిరిగిన బైబిలు స్త్రీల పేర్లు ఎవరి నోటా రావు. ఆ ఆసుపత్రిలో పనిచేసిన యువ డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరిట మరో ఆసుపత్రి పెట్టాడు. ఆ పేరు అందరికీ తెలుసు. అతన్ని ఆ బేస్ దాకా జరిపిన చేతులెవరివో నా స్కోరుబుక్కులో రాయడానికి నంబర్లు కూడా లేవు.

ఇప్పుడు బేస్‌బాల్లో బంట్ చేసేవాళ్లు తగ్గిపోయారు. ఒక బేస్ కోసం ఒక అవుటు ఇచ్చుకోవడం చాలాసార్లు నష్టమేనని కంప్యూటర్ల లెక్క. 2022 నుంచి రెండు లీగుల్లోనూ పిచ్చర్లు బ్యాటింగ్ మానేశాక అది మరీ అరుదైపోయింది. లెక్క తప్పని నేననను. సెకండ్ బేస్‌కు చేరినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇన్నింగ్స్ ముగియగానే బేసుల మీద మిగిలిపోయినవాళ్లెందరో రాయడానికి స్కోరుబుక్కులో వేరే గడే ఉంది.

మా సంఘాల్లో ఆ గడి నిండుగానే ఉంది. ఐక్యత వచ్చిన మూడేళ్లకు, 1950లో, రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన మాల మాదిగలు మన రాష్ట్రంలో బీసీ-సీలో ఉన్నారు. వాళ్లనూ ఎస్సీ జాబితాలో చేర్చాలని 2004లో సుప్రీంకోర్టులో పడ్డ పిటిషనుకు ఇరవై ఏళ్లు దాటినా తీర్పు రాలేదు. అది పడ్డప్పుడు మా గుడిలో లేచి నిలబడి ప్రార్థన చేసిన పెద్దల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఈ నవంబరులో దళిత విమోచన ఆదివారం నాడు ఆ ప్రార్థన చేయమని అయ్యగారు నాకు చెప్పారు. ముందురోజు ఆటల్లేవు, సీజన్ అయిపోయి ఉంటుంది, కాబట్టి ఆలస్యంగా వస్తానని భయపడక్కర్లేదని కూడా ఆయనే అన్నారు.