విజ్ఞానం యెవరి సొత్తు?

ఆ మధ్య నా వద్ద చదువుకొన్న ఒక విద్యార్థి జాబు రాశాడు. యిప్పుడతను ఒక ప్రయివేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడు. నా పరిశోధనా వ్యాసం ఒకటి తనకు కావాలనీ, దాన్ని చూపడానికి పత్రికవారు మూడువేల రూపాయలు అడుగుతున్నారనీ అతని మొర. ఆ వ్యాసం రాసింది నేను. రాస్తున్నంతకాలం నాకు జీతమిచ్చింది ప్రభుత్వం. దాన్ని పరీక్షించిన పండితులిద్దరూ ఒక్క పైసా పుచ్చుకోలేదు. పత్రికవారు పంపిన హక్కుల పత్రం మీద నేను చదవకుండానే సంతకం పెట్టాను. అచ్చయితే ప్రమోషను వస్తుందన్న ఆశ ముందు చిన్న అక్షరాలు కనిపించలేదు. కనుక యీ విమర్శలో మొదటి ముద్దాయిని నేనే.

యీ స్థితికి విరుగుడుగా వచ్చిన నినాదం ఓపెన్ యాక్సెస్. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్టు ప్రకటన రెండు మార్గాలు చూపింది. రచయిత తన వ్యాసప్రతిని అందరికీ అందే భాండాగారంలో తానే వుంచడం ఒకటి. పాఠకుని వద్ద డబ్బు తీసుకోని పత్రికలు నడపడం రెండవది. మొదటిదానికి ఆకుపచ్చ మార్గమనీ, రెండవదానికి బంగారు మార్గమనీ పేర్లు స్థిరపడ్డాయి. పేరు పెట్టినవారి వుద్దేశం యేమైనా, పెద్ద ప్రచురణకర్తల చేతిలో బంగారం బంగారమే అయింది. 'నేచర్' పత్రికలో వ్యాసం అందరికీ తెరిచి వుండాలంటే 2021 జనవరి నుంచి రచయిత పక్షాన 9,500 యూరోలు కట్టాలన్నారు. ఆనాటి మారకం ప్రకారం యెనిమిది లక్షల రూపాయల పైమాట! పూర్వం చదివేవాడు చెల్లించాడు, యిప్పుడు రాసేవాడు చెల్లిస్తాడు. సుంకపు గేటు రోడ్డు యీ చివరనుంచి ఆ చివరకు జరిగింది. వసూలు చేసే చేయి అదే. పేద దేశాలవారికి రాయితీలున్నాయని మిత్రులంటారు. వున్నాయి. కాని రాయితీకోసం అర్జీ పెట్టుకొనేవాణ్ణి హక్కుదారు అనగలమా?

మన ప్రభుత్వం పట్టిన దారి వేరు. 2024 నవంబరులో ఆమోదించిన 'ఒకే దేశం, ఒకే చందా' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల పత్రికలు, సుమారు 13,000, ఆరువేలకు పైగా ప్రభుత్వ సంస్థలకు అందుతాయి. మారుమూల ప్రభుత్వ కళాశాల విద్యార్థికి దీనివల్ల కలిగే మేలు చిన్నదికాదు. దాన్ని తేలిక చేసి మాట్లాడడం అన్యాయం. అయితే 2025లో మొదలయిన మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే. కళాశాలల్లో అధికభాగం ప్రయివేటువే అయిన తెలుగునాట నా విద్యార్థి గేటు బయటనే నిలబడ్డాడు. పైగా చందా అంటే అద్దె. యెన్నేళ్లు కట్టినా యిల్లు మనది కాదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది 'లింగ్వా' వుదంతం. అది ఎల్సెవియర్ సంస్థ నడిపే భాషాశాస్త్ర పత్రిక. 2015లో దాని సంపాదకులూ, సంపాదకవర్గమూ మూకుమ్మడిగా రాజీనామా చేసి 'గ్లోసా' అనే కొత్త పత్రిక స్థాపించారు. పేరు యజమాని వద్ద మిగిలింది, పనిచేసేవారు బయటికి నడిచారు. ఖర్చుకు గ్రంథాలయాలు కలిసి పోషించే ఒక సంస్థ అండ దొరికింది. దీన్ని సంపూర్ణ విజయమనలేము. పాత పత్రిక కొత్త సంపాదకులతో సాగుతూనే వచ్చింది. అయినా పత్రికకు విలువ యెవరి శ్రమవల్ల వస్తున్నదో ఆ రాజీనామాలు తేటతెల్లం చేశాయి. సమ్మె అనేది మిల్లు కార్మికుల వ్యవహారమని భావించే మన అధ్యాపక సంఘాలు యీ సంగతి చర్చించినట్లు నేను వినలేదు.

యిక ఆకుపచ్చ మార్గం. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ ఆలమోస్‌లో ప్రారంభించిన 'ఆర్కైవ్'లో భౌతికశాస్త్రజ్ఞులు తమ వ్యాసాలను, పత్రికలో రాకముందే, వుంచుతూ వస్తున్నారు. మనకు చేతకాని పనేమీ కాదు. 2009 నాటి యు.జి.సి. నిబంధనల తరువాత పి.హెచ్.డి. సిద్ధాంతగ్రంథాలు 'శోధగంగ'లో చేరుతున్నాయి. తెలుగు సాహిత్య పరిశోధనలనూ అక్కడ యెవరైనా చదువుకోవచ్చు. మరి వ్యాసాల మాట? తమ నిధులతో జరిగిన పరిశోధనల వ్యాసాలను భాండాగారంలో వుంచాలని కేంద్ర విజ్ఞాన శాఖలు రెండు 2014లోనే విధానం ప్రకటించాయి. కాని ప్రమోషను లెక్కల్లో పత్రిక పేరు చూస్తారు, వ్యాసం యెవరికి అందిందో చూడరు. నేను సంతకం పెట్టింది ఆ లెక్కకే.

ఆ హక్కుల పత్రాన్ని యిప్పుడు చదివాను. సమీక్షకులు ఆమోదించిన ప్రతిని, అచ్చయిన రెండేళ్లకు, నా సంస్థ భాండాగారంలో వుంచవచ్చునట! ఆ రెండేళ్లు యెప్పుడో గడిచాయి. కంప్యూటరులో వెతికితే మూడు ప్రతులు దొరికాయి. ఆమోదం పొందినది యేదో నాకే తెలియలేదు. అచ్చుప్రతిని పక్కన పెట్టుకొని పంక్తి పంక్తీ సరిచూస్తున్నాను.