గప్పీ సుఖం నీళ్లలోనే ఉంది

గప్పీ చవక చేప కదా అని గుండ్రటి గాజు గిన్నెలో వేసి ఊరుకుంటారు చాలామంది. వారం తిరక్కుండా ఒక్కొక్కటీ చచ్చిపోతుంటే షాపువాణ్ణి తిట్టుకుంటారు. ఎక్కువసార్లు కారణం నీళ్లే.

గప్పీ పుట్టిల్లు ట్రినిడాడ్, వెనిజులా వైపు సెలయేళ్లు. ట్రినిడాడ్ కొండవాగుల్లో జలపాతాల కింద పెద్ద వేటచేపలుంటాయి, పైన అంతగా ఉండవు. కింద తిరిగే మగ గప్పీలకు రంగులు తక్కువ, పైనున్న వాటికి ఒంటినిండా చుక్కలే. జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త వేటచేపలున్న చోటి గప్పీలను అవి లేని వాగులోకి మార్చి చూశాడు. రెండేళ్లు తిరిగేసరికి వాటి సంతతి మగవాటికి రంగులు పెరిగాయి. ఆ ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. ప్రాణభయం తగ్గితే ఆడదాని మెప్పే లెక్క మరి!

ఆ మెప్పు కోసం పడే పాట్లు మన తొట్టిలోనూ కనిపిస్తాయి. మగది ఎదురుగా వచ్చి, ఒళ్లు విల్లులా వంచి, తోక విప్పి సన్నగా వణుకుతుంది. ఆడది మొహం తిప్పుకుంటే వెనకనుంచి దొంగచాటుగా వస్తుంది. రోజంతా ఇదే పని. అందుకే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే ఉన్న ఒక్క ఆడదానికీ తిండీ విశ్రాంతీ ఉండవు. ఆడది మగవాటి వీర్యాన్ని నెలల తరబడి కడుపులో దాచుకోగలదు. ఒంటరిగా తెచ్చుకున్నది కూడా పిల్లలు పెట్టడం అందుకే.

ఇక నీళ్ల సంగతి. కొత్త తొట్టిలో చేపల మలం, మిగిలిన తిండి అమ్మోనియాగా మారతాయి. దాన్ని విరిచే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకూ చేపలు కొద్దిగానే ఉండాలి. స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ బ్యాక్టీరియా క్లోరిన్‌కి చచ్చిపోతుంది. తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే పిండండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పోయండి. మన ఊళ్లలో ఉప్పు తేలే బోరు నీళ్లంటే అందరికీ విసుగు గానీ, కాస్త గట్టి నీళ్లు గప్పీకి బాగా పడతాయి. వేడి 24 నుంచి 28 డిగ్రీలుంటే చాలు. తిండి రెండు నిమిషాల్లో తినేసేంతే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే గాలి చాలట్లేదని. మే నెలలో ఇది మరీ ఎక్కువ.

నెలకోసారి ఆడదాని పొట్ట చివర మచ్చ నల్లబడి, పొట్ట చదరంగా ఉబ్బుతుంది. అంటే కాన్పు దగ్గరపడినట్టే. పుట్టిన పిల్లల్ని తల్లే మింగేస్తుంది. కాన్పు కోసం ప్రత్యేకంగా ప్లాస్టిక్ పెట్టె అమ్ముతారు గానీ, ఆ ఇరుకులో తల్లి బెదిరిపోతుంది. జావా మాస్, హైడ్రిల్లా లాంటి నీటిమొక్కలు గుబురుగా వేస్తే పిల్లలు అందులో దాక్కుని బతుకుతాయి. నెల దాటేసరికి మగపిల్లల పొట్టకింది రెక్క సన్నగా మొనదేలుతుంది. అప్పుడే వేరే తొట్టిలోకి మార్చాలి, ఆలస్యమైతే తోబుట్టువులే జతకడతాయి. మరీ ఎక్కువైతే తెలిసినవాళ్లకివ్వండి. చెరువులో మాత్రం వదలకండి, అక్కడి మన చిన్న చేపల తిండిలో వాటా పడుతుంది.