మత్స్యకార స్త్రీల అభివృద్ధి పథకములు: కొలత సరియైనదేనా?

పల్నాడు అనగానే చాలమందికి తోచునవి నాపరాయి, మిరప చేలు, రెంటచింతల ఎండలు. చేపలు వెంటనే జ్ఞప్తికి రావు. కాని ఈ సీమకు ఉత్తరపు హద్దు కృష్ణానదియే. మాచర్లకు చేరువలో విజయపురి సౌత్ చెంత నాగార్జునసాగర్ జలాశయము కలదు. దిగువన పులిచింతల వద్ద 45.77 టి.ఎం.సి.ల నీరు పట్టు మరియొక జలాశయము కలదు. మొదటిదానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న దాని కాలువలకు నీరు విడువబడినది. రెండవది 2013లో ప్రారంభమైనది. కొండల నడుమ నీరు నిలిచిన పిమ్మట ఆ నీటిని నమ్ముకొని బ్రతుకు కుటుంబములు ఒడ్డున చేరినవి. వారిలో స్థానికులు కలరు; ఉత్తర కోస్తానుండి వలస వచ్చినవారును కలరు.

ఈ కుటుంబములలో స్త్రీ చేయు పని యెట్టిది? పుట్టిలో భర్త వల విడుచుచుండగా తెడ్డు వేయునది తరచుగా ఆమెయే. ఒడ్డుకు వచ్చిన బొచ్చెను, శీలావతిని, జెల్లను వేరుచేయుట, చిన్న చేపను ఉప్పుపెట్టి ఎండబెట్టుట, గంప నెత్తిన పెట్టుకొని ఊరూర అమ్ముట, చినిగిన వల బాగుచేయుట కూడ ఆమె పనులే. వంట, నీళ్లు, పిల్లలు ఈ లెక్కలో చేరలేదు. అయినను "మత్స్యకారుడు" అను పదము వినగానే మన మనస్సులో మెదలు బొమ్మ పురుషునిదే. పథకములు వ్రాయువారి మనస్సులోను చిరకాలము ఆ బొమ్మయే యుండెను. ఆ పొరపాటును దిద్దుటకు నేడు అనేక ప్రయత్నములు జరుగుచున్నవి. వాని ఫలితమును కొలుచు పద్ధతి మాత్రము ఇంకను దిద్దుబాటునకు నోచుకొనలేదు. ఈ వ్యాసమున విమర్శకు తీసుకొనునది పథకమును కాదు, ఆ కొలతను.

సాధారణముగ ఒక పథకమును గూర్చిన నివేదికలో కనిపించు అంకెలు ఇట్టివి: ఏర్పడిన సంఘములు ఇన్ని, శిక్షణ పొందిన స్త్రీలు ఇందరు, పంచిన మంచుపెట్టెలు ఇన్ని, ఇచ్చిన ఋణము ఇంత, తిరిగి వచ్చినది నూటికి ఇంత. ఇవి అబద్ధములు కావు, అవసరము లేనివియు కావు. ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికి లెక్క చెప్పవలసినదే. అయితే ఇవి పథకము చేసిన పనికి లెక్కలేగాని, ఆ పని వలన కలిగిన మార్పునకు లెక్కలు కావు. వైద్యుడు ఇచ్చిన మాత్రలను లెక్కించి రోగి కోలుకొనెనని చెప్పుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఋణము సక్రమముగ తిరిగి వచ్చినంత మాత్రమున స్త్రీ బాగుపడినదని చెప్పుటకు వీలులేదు. ఆమె మరియొకచోట ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చి ఈ వాయిదా కట్టియుండవచ్చును.

ఈ విషయమున కేరళ రాష్ట్రపు అనుభవము మిక్కిలి బోధప్రదము. ఐక్యరాజ్యసమితి, భారతదేశము, నార్వే కలిసి 1952లో చేసికొన్న ఒప్పందము ననుసరించి కొల్లము చెంత నీండకర, శక్తికుళంగర ప్రాంతమున 1953లో పని ఆరంభమైనది. మరపడవలు, మంచు కర్మాగారము, ఆరోగ్య కేంద్రము, మంచినీటి సరఫరా అందులో భాగములు. స్త్రీలు ఆ పథకమునకు ప్రధాన లక్ష్యము కారు. పిమ్మట రొయ్యల ఎగుమతి పెరిగినది, పడవల సంఖ్య పెరిగినది. పట్టిన చేపల బరువునే కొలతగా తీసుకొన్నచో అది గొప్ప విజయమే. నార్వే సామాజిక మానవశాస్త్రవేత్త ఆర్నె మార్టిన్ క్లౌసెన్ ఈ పథకమును సామాజిక దృష్టితో పరిశీలించి వ్రాసిన గ్రంథము 1968లో వెలువడినది. స్త్రీల జీవితము ఏమైనది అను ప్రశ్నను ముఖ్యముగ తీసుకొని లీలా గులాటి చేసిన పరిశీలనను అంతర్జాతీయ కార్మిక సంస్థ 1984లో ప్రచురించినది. అనగా పథకము మొదలైన మూడు దశాబ్దములకు ఆ ప్రశ్న నిండుగ అడుగబడినదన్నమాట.

ఆమె మూడు గ్రామములను పోల్చి చూచెను. ఒకే పథకము మూడింటను ఒకే ఫలమును ఈయలేదు. రొయ్యల వ్యాపారమునకు, పొట్టు తీయు పనికి స్త్రీలు ముందుకు వచ్చిన చోట వారి చేతికి డబ్బు వచ్చినది. ఆచారము, దూరము, అంతకుముందు చేయు వృత్తి వేరైన చోట ఆ మార్పు అంతగా రాలేదు. ఇక కేరళ, తమిళనాడు తీరములలో నైలాను వలలు అల్లు యంత్రములు వచ్చినప్పుడు చేతితో వలలు అల్లి జీవించు స్త్రీలు పని కోల్పోయిరి. యంత్రము పురుషుని వలను చౌక చేసినది; అదే యంత్రము స్త్రీ కూలిని హరించినది. ఇంటి ఆదాయమును మొత్తముగ లెక్కించువారికి ఈ రెండవ సంగతి కనబడదు. కావున మొదటి సూత్రమిది: ఇంటిని ఒక ముద్దగా కొలువరాదు, ఇంటిలో ఎవరి చేతికి ఏమి వచ్చెనో, ఎవరి చేతినుండి ఏమి పోయెనో వేరువేరుగ కొలువవలెను.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రముగ బంగాళాఖాత కార్యక్రమమును ఆరంభించినది. మన ఆంధ్ర తీరమున అలలను దాటి ఇసుకపైకి చేరగల కొత్త పడవల రూపకల్పనకు ఈ కార్యక్రమము ప్రసిద్ధి పొందినది. దీని పక్షమున తమిళనాడులోని మూడు మత్స్యకార గ్రామములలో స్త్రీల స్థితిగతులను గూర్చిన పరిశీలన 1982లో వెలువడినది. పని మొదలుపెట్టుటకు ముందే గ్రామమును తెలిసికొనుట మంచి మార్గము. ముందరి స్థితి తెలియనిచో తరువాతి మార్పును ఎవరును కొలువలేరు.

అయితే ముందు, తరువాత అను రెండు కొలతలు మాత్రమే చాలునా? చాలవు. సాగర్ ఉదాహరణనే తీసుకొందము. ఈ జలాశయపు పూర్తి నీటిమట్టము 590 అడుగులు. 2023లో కృష్ణా పరీవాహకమున వర్షములు కొరవడి ఇది నిండలేదు. 2024 ఆగస్టులో వరద వచ్చి నిండినది, గేట్లు ఎత్తబడినవి. నీరు తగ్గినప్పుడు చేప ఇరుకున చేరి వలకు సులువుగ చిక్కవచ్చును. నిండినప్పుడు చెదరిపోవచ్చును, అటుపై సంతతి పెరిగి పట్టుబడి హెచ్చవచ్చును. ఈ రెండేండ్ల నడుమ ఒక పథకము ప్రారంభమైనదనుకొనుడు. ఆదాయము పెరిగినను తగ్గినను అది పథకము వలననా, నీటి వలననా?

దీనికి ఉపాయము ప్రయోగశాలలో విద్యార్థులకు తెలిసినదే. ఎరువు వేసిన మొక్క ప్రక్కన వేయని మొక్కను కూడ పెంచుదుము. అట్లే పథకము అందిన ఊరితోపాటు, అదే జలాశయముపై ఆధారపడి, పథకము అందని ఊరిని కూడ కొలువవలెను. ఒక ఊహించిన లెక్క చూడుడు. పథకము అందిన ఊరిలో స్త్రీ నెలసరి నికర రాబడి 3,000 రూపాయలనుండి 4,200కు పెరిగినది. అందని ఊరిలో 3,100నుండి 3,900కు పెరిగినది. నివేదిక 1,200 రూపాయల లాభమని వ్రాయును. కాని 800 రూపాయల పెరుగుదల పథకము లేకనే వచ్చెడిది. పథకపు ఫలము 400 మాత్రమే.

లెక్క ఇక్కడితో ముగియదు. ఆ స్త్రీ ఇదివరలో దినమునకు 6 గంటలు అమ్మకమునకు తిరిగెడిది. ఇప్పుడు సంఘ సమావేశము, లెక్కలు, దూరపు సంత కలిసి 8 గంటలైనది. నెలకు 60 గంటలు అదనము. 400 రూపాయలను 60చే భాగింపగా గంటకు సుమారు 6 రూపాయల 67 పైసలు. పూర్వము 180 గంటలకు 3,000 రూపాయలు, అనగా గంటకు 16 రూపాయల 67 పైసలు వచ్చెడిది. పథకము ఆమె ఆదాయమును పెంచినమాట నిజమే. కాని ఆమె అదనపు శ్రమకు పూర్వపు వెలలో సగమైన కట్టలేదు. ఆ 60 గంటలు నిద్రనుండి వచ్చెనా, పెద్దకూతురు బడి మానుటవలన వచ్చెనా అని అడిగినప్పుడే కొలత పూర్తియగును.

పోల్చు ఊరిని ఎన్నుకొనుటలోను మోసపోవచ్చును. చురుకైనవారే ముందుగ సంఘములలో చేరుదురు. పథకము లేకున్నను వారు కొంత ముందుకు పోవుదురు. ఈ చిక్కును తొలగించుటకు చీట్లు వేసినట్లు ఎంపికచేయు పద్ధతి కలదు. హైదరాబాదులోని 104 పేటలను తీసికొని, అందు సగమును యాదృచ్ఛికముగ ఎన్నుకొని, స్త్రీలకు చిన్న ఋణములిచ్చు సంస్థ శాఖలను ముందుగ అచట తెరిపించి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వారి సహచరులు చేసిన పరిశోధన 2015లో ప్రకటింపబడినది. ఋణము దొరికినచోట కొందరు చిన్న వ్యాపారములలో పెట్టుబడి పెంచిరి. కాని ఇంటి మొత్తపు వినియోగమునందుగాని, పిల్లల చదువునందుగాని, నిర్ణయములలో స్త్రీ మాట చెల్లుటయందుగాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. ఋణము చెడ్డదని దీని అర్థము కాదు. ఋణము ఇచ్చుట, అధికారము కలుగుట వేరువేరు సంగతులని దీని అర్థము.

ఇక వస్తువుల పంపిణీ సంగతి. మంచుపెట్టె చేప అమ్ము స్త్రీకి మంచి ఆయుధము. చేప చెడునను భయము లేనప్పుడు ఆమె సాయంకాలము వచ్చిన ధరకు తెగనమ్మక, మరునాటి వరకు ఆగగలదు. కాని పెట్టె దానంతట అది చల్లబరుపదు. వెలుపలి వేడిని ఆలస్యముగ లోనికి రానిచ్చును, అంతే. చల్లబరచునది మంచుగడ్డ. ఒక కిలో మంచు కరగుటకు 80 కిలోకాలరీల వేడి కావలెను. చేప విశిష్టోష్ణము సుమారు 0.8. పల్నాటి వేసవిలో 40 డిగ్రీల వేడిమిలోనున్న 10 కిలోల చేపను 0 డిగ్రీలకు దింపుటకు 10ని 0.8తోను 40తోను గుణింపగా 320 కిలోకాలరీలు తీసివేయవలసి యుండును. అనగా 4 కిలోల మంచు దానికే సరిపోవును. పెట్టె గోడలగుండ వచ్చు వేడికి, మూత తీసినప్పుడెల్ల ప్రవేశించు వేడికి మరికొంత కావలెను. ఆ మంచు ఊరికి రోజూ వచ్చుచున్నదా? ఎంత ధరకు? ఈ ప్రశ్నలు లేక పెట్టెలను మాత్రమే లెక్కించిన నివేదిక భౌతికశాస్త్రము దృష్ట్యా కూడ అసంపూర్ణమే. మంచు రాని ఊరిలో మంచుపెట్టె బియ్యపు డబ్బాయగును.

చివరి విషయము పేరును గూర్చినది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 20,050 కోట్ల రూపాయల అంచనాతో రూపొందినది. ఇందులో సాధారణ లబ్ధిదారునికి వ్యయములో నూటికి 40 వంతులు, స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని నూటికి 60 వంతులు సాయముగ నిర్ణయింపబడినది. స్త్రీకి హెచ్చు సాయమను నియమము మెచ్చదగినది. కాని ఎక్కువ సాయమున్నచోట ఆమె పేరు కాగితముపై నిలిచి, పెత్తనము మరియొకరి చేతిలో నుండుటకు అవకాశము కూడ ఎక్కువ. కావున లబ్ధిదారులలో స్త్రీలెందరని లెక్కించి ఊరకుండరాదు. బ్యాంకు పుస్తకము ఎవరియొద్ద నున్నది? చేపను ఎవరికి, ఎప్పుడు, ఏ ధరకు అమ్మవలెనో ఎవరు నిర్ణయింతురు? అప్పు ఇచ్చిన వ్యాపారికే చేప పోయవలెనను కట్టుబాటు తొలగినదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను.

ఎవరిని మత్స్యకారులుగ ఎంచుదుమన్నదియు కొలతలోని భాగమే. సముద్రముపై వేట నిషేధించు 61 దినములకు మన రాష్ట్రమున ఇచ్చు భృతి 2019లో 10,000 రూపాయలుగాను, 2025లో 20,000 రూపాయలుగాను హెచ్చింపబడినది. అది పడవపై వేటకు పోవువారిని ఉద్దేశించినది. పడవ ఆగినప్పుడు ఒడ్డున గంప కూడ ఖాళీయే. కాని గంపకు ఆ పట్టికలో స్థానము లేదు. చిన్నతరహా మత్స్య పరిశ్రమను గూర్చి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన మార్గదర్శక సూత్రములు వేటకు ముందు పనిని, వేట తరువాతి పనిని, అందలి స్త్రీలను కూడ ఈ వృత్తిలో భాగముగనే చెప్పుచున్నవి.

ఇదంతయు పెద్ద సంస్థలకే సాధ్యమను భ్రమ వలదు. మాచర్ల, గురజాల, దాచేపల్లి ప్రాంతపు ఉన్నత పాఠశాలలోని విద్యార్థులు కూడ ఒక చిన్న పరిశీలన చేయవచ్చును. కాగితముపై ఒక వృత్తము గీసి, 24 భాగములు చేసి, చేప అమ్ము స్త్రీ యొక్క ఒక దినమును ఆమె చెప్పినట్లే అందులో నింపవలెను. ఆమె అనుమతి తప్పక పొందవలెను, పేరు వ్రాయరాదు. వేసవిలో ఒకసారి, వరదకాలమున ఒకసారి, శీతకాలమున ఒకసారి అట్లే గీయవలెను. ఆ నాటి చేప ధర, మంచు ధర, జలాశయపు నీటిమట్టము ప్రక్కన గుర్తించవలెను. గణితోపాధ్యాయుడు సగటు తీయించవచ్చును, భౌతికశాస్త్రోపాధ్యాయుడు మంచు లెక్క చేయించవచ్చును, సాంఘికశాస్త్రోపాధ్యాయుడు ఆ లెక్కల అర్థమును చర్చింపజేయవచ్చును. పది మంది స్త్రీల దినచర్య వలన జిల్లా అంతటికి సిద్ధాంతము చేయరాదని కూడ వారికి చెప్పవలెను.

విమర్శ పథకములకు శత్రువు కాదు. కొలత లేనప్పుడు మంచి పథకమును చెడ్డ పథకమును ఒకే గాట కట్టుదురు. డబ్బు కొరవడిననాడు రెండింటిని కలిపి ఎత్తివేయుదురు. అప్పుడు నష్టపోవునది నివేదిక వ్రాసినవారు కారు. నాలుగు గంటలకే లేచి ఒడ్డున పుట్టికై ఎదురుచూచు స్త్రీ. ఆమె దినము ఎంత తేలికపడెనో, ఆమె మాట ఎంత చెల్లెనో చెప్పలేని నివేదికను, అందులో ఎన్ని అంకెలున్నను, పూర్తియైనదిగ అంగీకరింపరాదు.