‘న్యాయమూర్తి’ అనే మాట, ఫిర్యాదు అనే ప్రక్రియ: తెలుగు రచనల్లో స్థానిక న్యాయాధికారి

తెలుగు సాహిత్యంలో వకీలు ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు, జవాను ఉన్నాడు, దొంగసాక్షి ఉన్నాడు. న్యాయాధికారి మాత్రం చాలా అరుదుగా కనిపిస్తాడు. కనిపించినా అతడు పీఠం మీది గొంతు మాత్రమే. అతని ప్రవర్తన మీద కక్షిదారుకు ఉండే అభ్యంతరం కథావస్తువు కావడం ఇంకా అరుదు. కోర్టు మెట్లెక్కినవారి మాటల్లో నిత్యం వినిపించే ఈ ఫిర్యాదు రచనలోకి వచ్చేసరికి ఎందుకు పక్కకు జరుగుతున్నది, ఎవరి మీదికి జరుగుతున్నది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ముందుగా మాటను చూడాలి. మండల కేంద్రంలోని జూనియర్ సివిల్ జడ్జి మొదలు సర్వోన్నత న్యాయస్థానంలోని జస్టిస్ వరకు అందరినీ మన పత్రికలు ‘న్యాయమూర్తి’ అనే రాస్తాయి. న్యాయాధికారి, న్యాయాధీశుడు అన్నవి పదవిని చెప్పే మాటలు. న్యాయమూర్తి అన్నది దైవత్వాన్ని ఆపాదించే మాట. మూర్తీభవించిన న్యాయం మీద ఫిర్యాదు చేయడం భాషలోనే కష్టం. దీనికి పూర్తి భిన్నమైనది పాలమూరు పల్లెల పదజాలం. బల్మూరు నుంచి అచ్చంపేట కోర్టుకు వెళ్లే రైతుకు పనికివచ్చేవి పేషీ, తారీఖు, దావా, గవాయి, జమానతు, ఫైసలా వంటి మాటలు. ఉర్దూ 1884లో నిజాం రాజ్యపు పాలనాభాష అయింది. ఈ మాటలు ఆ వ్యవస్థ మిగిల్చిపోయినవి. వీటిలో భక్తి లేదు, పని మాత్రమే ఉంది. అందుకే ఈ పదజాలంలో న్యాయాధికారి తీరును ఎత్తిచూపడం తేలిక. మన విమర్శకులు దీనిని మాండలిక సౌందర్యంగా మెచ్చుకొని ఊరుకున్నారు. ఇందులోని సామాజిక వైఖరిని పట్టించుకోలేదు.

ప్రాచీన ధర్మశాస్త్రానికి ఈ సంకోచం లేకపోవడం గమనార్హం. రాగం వల్ల గాని, లోభం వల్ల గాని, భయం వల్ల గాని ధర్మవిరుద్ధంగా తీర్పు చెప్పిన సభ్యులలో ఒక్కొక్కరికీ వివాదంలోని దండానికి రెట్టింపు దండం వేయాలని యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం చెబుతుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయముగా తెలుగు చేశాడు. అంటే, తీర్పరి తప్పు చేయగలడన్న ఊహ ఉన్న శాస్త్రం చాలా తొలినాళ్లలోనే తెలుగులోకి వచ్చింది. ఈ ఆలోచన పరాయిది అనేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

ఆధునిక కాలంలో ఈ ఫిర్యాదును బాహాటంగా చేసినవాడు కందుకూరి వీరేశలింగం. 1874లో ఆరంభించిన వివేకవర్ధనిలో ఆయన రాజమహేంద్రవరం అధికారుల, న్యాయస్థానాల అవినీతిని వరుసగా ఎండగట్టాడు. మున్సబు లంచగొండితనాన్ని బయటపెట్టిన ఉదంతం ఆయన స్వీయచరిత్రములో ఉంది. అదే రచయిత అదే అనుభవంతో వ్యవహారధర్మబోధిని రాసినప్పుడు లోకం దానిని ‘ప్లీడరు నాటకం’ అని పిలిచింది. ఆ వాడుకపేరు మనకు చాలా చెబుతుంది. పత్రికలో మున్సబు మీద ఉన్న వేలు, నాటకంలో ప్లీడరు మీదికి మళ్లింది. పత్రికకు సాక్ష్యం కావాలి, పేరు కావాలి. నాటకానికి నవ్వు కావాలి. నవ్వడానికి పీఠం మీది మనిషికన్నా పీఠం ముందు వంగే మనిషే సులువు.

ఈ మళ్లింపు ఆ తరువాత అలవాటుగా స్థిరపడింది. రావిశాస్త్రి ‘మాయ’ కథలో ముత్యాలమ్మ తనను చుట్టుకున్న వ్యవస్థనంతటినీ దులిపివేస్తుంది. అయితే ఆ సుదీర్ఘమైన మాటలు మేజిస్ట్రేటుకు చెప్పినవి కావు, తన వకీలుకు చెప్పినవి. కథలోని చేదుకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వినవలసినవానికి చెప్పే వీలు ఆమెకు లేదు. విన్నవాడు చేయగలిగింది లేదు. ఈ కథను పోలీసుల మీద, మద్యనిషేధం మీద వ్యంగ్యంగా చదివే సంప్రదాయం దీనిని గమనించదు.

రచయితల వృత్తిని కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. వీరేశలింగం ఉపాధ్యాయుడు, అతని జీవిక మున్సబు చేతిలో లేదు. రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. కథ అచ్చయిన మర్నాడు కూడా అదే న్యాయస్థానం ముందు నిలబడవలసినవాడు. కోర్టును లోపలినుంచి ఎరిగిన రచయితకే కోర్టు గురించి అన్నీ చెప్పే వీలు తక్కువ. ఇది పిరికితనమని నేను అనను. ‘మొగలాయి కథలు’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి కూడా న్యాయశాస్త్ర పట్టభద్రుడే. అయితే 1926 నుంచి గోలకొండ పత్రిక ఆయన చేతిలో ఉంది. పాలమూరు సాహిత్యం మీద పనిచేస్తున్న పరిశోధకులు ఆ కథలను హాస్యంగా వర్గీకరించేముందు, ఆ సంపాదకుడు పత్రికలో ఏమి రాయగలిగాడో, కథకు ఏమి మిగిల్చాడో పోల్చి చూడాలి.

నేటి చట్టం దారి పూర్తిగా మూయలేదు. రాజ్యాంగం 235వ అధికరణం కింద అధీన న్యాయస్థానాల మీద నియంత్రణ హైకోర్టుది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 6వ సెక్షన్ ప్రకారం, అధీన న్యాయాధికారి గురించి సద్బుద్ధితో హైకోర్టుకు గాని, మరో అధీన న్యాయస్థానానికి గాని చెప్పిన మాట ధిక్కారం కాదు. 2006 సవరణ తరువాత, ప్రజాప్రయోజనం కోసం సద్బుద్ధితో చెప్పినదైతే సత్యాన్ని కూడా సమర్థనగా అంగీకరించవచ్చు. 1987లో కేంద్రమంత్రి పి. శివశంకర్ హైదరాబాదులో సుప్రీంకోర్టును తీవ్రంగా విమర్శించిన ప్రసంగం ధిక్కారం కాదని 1988లో ఆ కోర్టే తీర్పు చెప్పింది. మంత్రికి దక్కిన ఆ రక్షణ గురించి బల్మూరు కక్షిదారుకు తెలియజెప్పేది ఎవరు?

అసలు చిక్కు మరొకటి ఉంది. కక్షిదారు ఫిర్యాదు ఎక్కువగా లంచం గురించి కాదు. కసురుకున్నారని, చెప్పబోతే ఆపారని, పొద్దంతా నిలబెట్టి సాయంత్రం తారీఖు మార్చారని. వీటికి కాగితం ఉండదు. 1966 నాటి అధికార భాషా చట్టం తరువాత కూడా, తెలుగులో చెప్పిన సాక్ష్యం ఇంగ్లీషులో నమోదు కావడం మనం చూస్తున్నదే. తాను ఏమన్నాడో తానే చదువుకోలేనివాడు, తనను ఏమన్నారో ఎలా రుజువు చేస్తాడు? రుజువు కాని అవమానాన్ని నమోదు చేయగల రూపం కథే. ఆ కథలో ఈసారి వకీలును కాస్త పక్కన నిలబెట్టి, పీఠం మీది మనిషికి ముఖం, కోపం, అలసట, ఒక పేరు ఇచ్చే రచయిత పాలమూరు నుంచి ఇంకా రావలసి ఉంది.